పక్కన కూర్చునే మనిషి

(మన సంఘం వార్షికోత్సవ సభలో, మానసిక వైద్య నర్సింగ్ అధ్యాపకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా ఆరోగ్య విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను అడిగినప్పుడు, బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పమంటారేమో అనుకున్నాను. "అవి ప్రతి సంవత్సరమూ వింటూనే ఉన్నాం, మీరు పనిచేసిన శాఖ గురించే చెప్పండి" అన్నారు. సంతోషించాను. ఎందుకంటే మా శాఖ పేరు చెబితే సాధారణంగా జనం రెండడుగులు వెనక్కి వేస్తారు. "ఎక్కడ పనిచేశారమ్మా?" అని అడిగి, మానసిక వైద్య విభాగం అనగానే సంభాషణను వాతావరణం మీదికి మళ్ళిస్తారు. మన ప్రాంతంలో చినవాల్తేరు అన్నా, ఎర్రగడ్డ అన్నా అవి ఊళ్ళ పేర్లుగా కాక, ఎగతాళి మాటలుగా స్థిరపడిపోయాయి. అక్కడ చికిత్స పొంది, తిరిగి ఉద్యోగాలు చేసుకుని, పెళ్ళిళ్ళు పేరంటాలు చేసుకుంటున్న వేలాది మంది సంగతి మాత్రం ఎవరి నోటా రాదు.

ఈరోజు నేను మీకు మనవి చేయదలచుకున్నది ఒక్కటే విషయం. మానసిక వైద్య నర్సింగులో డెబ్బై ఏళ్ళకు పైగా జరిగిన పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే ఒక సంగతి ఉంది. మందుల పని మందులు చేస్తాయి, డాక్టరు పని డాక్టరు చేస్తారు. ఆ రెండింటితో పాటు రోగికీ, విద్యార్థికీ, ముసలివారికీ సమానంగా పనికివచ్చేది ఇంకొకటి ఉంది. అది రోజూ వచ్చి పక్కన కూర్చుని, తప్పుపట్టకుండా వినే మనిషి. ఆ మనిషి నర్సే కానక్కరలేదు. పెన్షనరు కూడా కావచ్చు.

నర్సులు పరిశోధన చేస్తారా?

చాలా మందికి ఇది కొత్త మాట. నర్సు అంటే సూది వేసే మనిషి, టెంపరేచరు చూసే మనిషి అనుకుంటాం. కానీ వార్డులో ఇరవై నాలుగు గంటలూ రోగి దగ్గర ఉండేది నర్సులే. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి కొద్ది నిమిషాలు చూస్తారు. రాత్రి రెండు గంటలకు రోగి నిద్రలేచి గోడ వైపు తిరిగి కూర్చుంటే చూసేది నర్సు. తల్లి వచ్చిన రోజున అన్నం తిని, అన్న వచ్చిన రోజున కంచం తోసేస్తే గమనించేది నర్సు. ఇలా గమనించిన వాటిని పద్ధతి ప్రకారం రాసుకుని, లెక్కగట్టి, వేరే వార్డుతోనో వేరే ఊరితోనో పోల్చి చూడటమే మా పరిశోధన.

ఈ దారి వేసిన వారిలో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు ముఖ్యురాలు. 1909లో పుట్టి 1999లో మరణించారు. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో ఒక భాగమని చెబుతూ ఆమె రాసిన పుస్తకం 1952లో అచ్చయింది. నిజానికి అంతకు నాలుగేళ్ళ ముందే రాయటం పూర్తయింది. డాక్టరు పేరు లేకుండా ఒక నర్సు సొంతంగా ఇలాంటి పుస్తకం రాయటమేమిటని ప్రచురణకర్తలు వెనకాడారు. ఇప్పుడు ప్రపంచమంతటా నర్సింగ్ విద్యార్థులు ఆమె సిద్ధాంతాన్ని చదువుకుంటున్నారు.

ఆమె చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. రోగి దగ్గరకు వెళ్ళినప్పుడు నర్సు మొదటి పాత్ర అపరిచితురాలి పాత్ర అన్నారామె. అంటే ఇంటికి వచ్చిన కొత్త మనిషిని ఎంత మర్యాదగా పలకరిస్తామో, రోగిని అంత మర్యాదగా పలకరించాలి. "నువ్వు ఫలానా జబ్బు మనిషివి" అని ముందే నిర్ణయించుకుని వెళ్ళకూడదు. నమ్మకం కుదిరిన తర్వాతే సమాచారం చెప్పేదిగా, నేర్పేదిగా, సలహా ఇచ్చేదిగా ఆమె పాత్ర మారుతుంది. మనం ఇళ్ళల్లో చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు సలహా ఇస్తాం, తర్వాత మందలిస్తాం, చివరికి ఎప్పుడో వింటాం.

బెంగుళూరులో తలుపు తట్టిన నర్సు

మన దేశంలో ఈ రంగానికి పుట్టిల్లు బెంగుళూరు. 1954లో అక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో అదే నిమ్‌హాన్స్ అయింది. మానసిక వైద్య నర్సింగులో ప్రత్యేక శిక్షణ 1950వ దశకంలోనే అక్కడ మొదలయింది. మన తెలుగు ప్రాంతాల నుంచి ఎందరో నర్సులు అక్కడికి వెళ్ళి చదువుకుని వచ్చారు.

1980వ దశకం మొదట్లో అక్కడ జరిగిన ఒక పరిశోధన గురించి మీకు చెప్పాలి. స్కిజోఫ్రేనియా అనే జబ్బు ఉన్న వారిని 27 మంది చొప్పున రెండు జట్లుగా తీసుకున్నారు. ఒక జట్టును మామూలుగా ఆస్పత్రిలో చేర్చుకున్నారు. రెండవ జట్టును ఇంటి దగ్గరే ఉంచి, శిక్షణ పొందిన నర్సును వారి ఇళ్ళకు పంపారు. ఆమె వెళ్ళి రోగితో మాట్లాడేది. మందులు సరిగా వేసుకుంటున్నాడో లేదో చూసేది. ఇంట్లోవారి సందేహాలు తీర్చేది. ఆరు నెలల తర్వాత రెండు జట్లనూ పోల్చి చూశారు. ఇంటి దగ్గర ఉన్నవారే జబ్బు లక్షణాల్లోనూ, పనిపాటల్లోనూ మెరుగ్గా ఉన్నారు. కుటుంబం మీద భారం బాగా తగ్గింది. ఖర్చు కూడా తక్కువే అయింది.

దీని అర్థం ఆస్పత్రి అక్కరలేదని కాదు. తనకో ఇతరులకో హాని చేసుకునే పరిస్థితి ఉన్నప్పుడు, అన్నం నీళ్ళు మానేసినప్పుడు ఆస్పత్రి తప్పనిసరి. అయితే ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక కథ ముగిసిందని అనుకోకూడదు. అసలు చికిత్స ఇంట్లోనే నడుస్తుంది.

అదే పరిశోధకులు, పాయ్, కపూర్ అనేవారు, 1981లో ఇంకొక మేలు చేశారు. ఇంట్లో ఒకరికి మానసిక వ్యాధి వస్తే మిగతా కుటుంబం మీద పడే బరువును కొలిచేందుకు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. మన దేశంలో నర్సింగ్ విద్యార్థులు ఈనాటికీ తమ పరిశోధనల్లో దాన్ని వాడుతున్నారు. అందులో ఆరు పద్దులున్నాయి. మొదటిది డబ్బు. రెండవది ఇంటి దైనందిన పనులు. మూడవది కుటుంబానికి ఉండే కాస్త వినోదం, విశ్రాంతి. నాలుగవది ఇంట్లోవారి మధ్య మాటలు, బంధువులతో రాకపోకలు. ఐదవది చూసుకునే వారి శారీరక ఆరోగ్యం. ఆరవది వారి మానసిక ఆరోగ్యం.

మనమంతా ఉద్యోగకాలంలో పద్దులు రాసినవాళ్ళమే గనుక ఇది మనకు బాగా అర్థమవుతుంది. డబ్బు పద్దు అందరికీ కనిపిస్తుంది. మిగతా అయిదూ కనబడవు. కొడుకును ఒంటరిగా వదలలేక చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళని తల్లి ఏ పద్దులోకి వస్తుంది? తన కంటి ఆపరేషనును మూడేళ్ళుగా వాయిదా వేస్తున్న తండ్రి ఏ పద్దులోకి వస్తాడు? ఇలాంటివారు మన సంఘంలోనూ ఉన్నారు. ఈరోజు ఈ సభకు రాలేకపోయినవారు వారే.

మాటల వేడి

ఇంట్లో మాట తీరు జబ్బు మీద ఎలా పనిచేస్తుందో కూడా కొలిచి చూశారు. లండన్‌లో జార్జి బ్రౌన్, తర్వాత వాన్, లెఫ్ అనే పరిశోధకులు 1950ల నుంచి 1970ల దాకా ఈ విషయం మీద పనిచేశారు. ఆస్పత్రి నుంచి బాగై వెళ్ళిన రోగుల్లో కొందరికి జబ్బు త్వరగా ఎందుకు తిరగబెడుతోందని వారి ప్రశ్న. ఇంట్లో ఎడతెగని విమర్శ, చీదరింపు, లేదా మితిమీరిన ఆదుర్దా ఉంటే తిరగబెట్టటం ఎక్కువని తేలింది. అటువంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపేవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. మందులు మానేసిన వారి పరిస్థితి మరీ అన్యాయం.

నేను దీన్ని విద్యార్థులకు చెప్పేటప్పుడు 'మాటల వేడి' అనేదాన్ని. "ఎంతసేపు పడుకుంటావు?", "నీ ఈడువాళ్ళంతా ఇళ్ళు కట్టారు", "నీ వల్లే మీ అమ్మకు బి.పి. వచ్చింది". ఇవన్నీ వేడి మాటలే. ఇక రెండవ రకం: "నువ్వేమీ ముట్టుకోకు నాయనా, నేను చేస్తాను, బయటికి వెళ్ళకు, ఏమవుతుందో" అంటూ ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి అన్నం కలిపి పెట్టటం. ఇది ప్రేమే, సందేహం లేదు. కానీ ఇదీ వేడే. కాలే పాయసం కూడా నోరు కాలుస్తుంది.

మనకు గర్వకారణమైన సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1987లో ప్రచురితమైన పరిశోధనలో ఇదే కొలతతో చండీగఢ్ ప్రాంతపు కుటుంబాలను పరిశీలించారు. లండన్ కుటుంబాలతో పోలిస్తే అక్కడ విమర్శలు చాలా తక్కువ. రోగులు కూడా ఎక్కువ మంది బాగుండటం కనిపించింది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు విసుక్కుంటే ఇంకొకరు ఓదార్చేవారు. అంతకు చాలా ముందే, 1950ల్లో, అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు రోగుల కుటుంబాలను పిలిపించి, ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగుల దగ్గరే ఉంచారు. రోగులు త్వరగా కోలుకున్నారు. జబ్బంటే ఏమిటో తెలుసుకున్న కుటుంబాలు వారిని భయం లేకుండా ఇళ్ళకు తీసుకుపోయాయి.

ఆ ఉమ్మడి కుటుంబాలు ఇప్పుడు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక రోగి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో. విసుగు వచ్చినప్పుడు పక్కకు తప్పుకుని ఇంకొకరికి అప్పగించే వీలు లేదు. అందుకే బంధువుల స్థానంలో స్నేహితులు రావాలి. ఈ మాటను మళ్ళీ చివరలో అందుకుంటాను.

విద్యార్థుల సంగతి

ఇక మా విద్యార్థుల విషయానికి వస్తాను. నర్సింగ్ చదివే ప్రతి అమ్మాయీ, అబ్బాయీ మానసిక వైద్య విభాగంలో కొన్ని వారాలు తప్పనిసరిగా పనిచేయాలి. వచ్చేముందు వారి భయాలు అన్నీ ఇన్నీ కావు. "మేడమ్, కొడతారా?", "మేడమ్, మాకూ వస్తుందా?" అని అడిగేవారు. అనేక దేశాల్లో విద్యార్థుల అభిప్రాయాలను శిక్షణకు ముందూ, తర్వాతా కొలిచారు. రోగులతో కూర్చుని మాట్లాడే అవకాశం, పక్కన మార్గం చూపే అధ్యాపకులు ఉన్నచోట భయం తగ్గి, గౌరవం పెరుగుతున్నట్టు తేలింది. ఉపన్యాసాలతో పోని భయం ఒక రోగితో క్యారమ్స్ ఆడితే పోతుంది. ఇది నేను ప్రతి సంవత్సరమూ కళ్ళారా చూసినదే.

రోగుల్ని చూసుకోవలసిన ఆ పిల్లల మనసుల మీద కూడా ఎన్నో పరిశోధనలు జరిగాయి. వారి ఒత్తిడికి కారణాలు దాదాపు ప్రతిచోటా అవే: రోగికి తన చేతుల మీదుగా ఏదైనా పొరపాటు జరుగుతుందేమోనన్న దిగులు, అందరి ముందూ సీనియర్లు తిట్టటం, మొదటిసారి మరణాన్ని చూడటం, రాత్రి డ్యూటీలు, ఇంటి మీద బెంగ, పరీక్షలు. వారిని నిలబెట్టినవీ దాదాపు అవే: స్నేహితులు, నిద్ర, తప్పు చేసినా వచ్చి చెప్పుకోగలిగిన ఒక పెద్ద మనిషి.

ఈ కారణాల జాబితా వింటుంటే మీకు మీ మనవలు గుర్తుకొచ్చి ఉండాలి. వార్డు బదులు కార్పొరేట్ కాలేజీ హాస్టల్ అనుకోండి, సీనియరు బదులు లెక్చరరు అనుకోండి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు వెళ్ళిపోయారు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక బాలిక మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెబుతూ, విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుగురు, లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరు ఒకరైనా ఉండాలన్నది వాటిలో ఒకటి. మీ మనవడినో మనవరాలినో చేర్పించేటప్పుడు ఫీజు, ర్యాంకులతో పాటు ఈ ప్రశ్న కూడా అడగండి: "మీ కౌన్సెలరు ఎవరు? పిల్లలు ఎప్పుడు కలవవచ్చు?"

ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్ అనే నర్సు ఉన్నారు. చదువుకునే వయసులో ఆమె స్వయంగా డిప్రెషన్‌తో బాధపడ్డారు. దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స నేర్పుతాం గదా, మనసుకు దెబ్బ తగిలితే ఎందుకు నేర్పకూడదని ఆలోచించి, భర్త ఆంథొనీ జోర్మ్‌తో కలిసి 2000లో మానసిక ప్రథమ చికిత్స శిక్షణ మొదలుపెట్టారు. అది ఎన్నో దేశాలకు వ్యాపించింది. అందులో మామూలు మనుషులకు చెప్పేవి అయిదు సంగతులు. దగ్గరకు వెళ్ళి మాట కలపటం, ప్రమాదం ఉందేమో గమనించటం. తీర్పు చెప్పకుండా వినటం. ధైర్యమూ, సరైన సమాచారమూ ఇవ్వటం. డాక్టరు దగ్గరకో కౌన్సెలరు దగ్గరకో వెళ్ళేందుకు ప్రోత్సహించటం. స్నేహితులు, నిద్ర, వ్యాయామం వంటి సొంత ఆసరాలను కూడగట్టుకునేలా చూడటం. ఇందులో ఏ ఒక్కటీ తాతయ్యకు, అమ్మమ్మకు చేతకానిది కాదు.

ఒక సందేహం ఎప్పుడూ వస్తుంది. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని పిల్లవాణ్ణి అడిగితే, లేని ఆలోచన మనమే పెట్టినట్టు కాదా? కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూళ్ళలో రెండు వేలకు పైగా విద్యార్థులతో చేసిన పరిశోధన 2005లో వెలువడింది. అడగటం వల్ల ఆ ఆలోచన రాలేదు, బాధ పెరగలేదు. పైగా అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకు కొంత ఊరట కలిగింది. కాబట్టి అనుమానం వస్తే మెల్లగా, సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు, మన మాత్రల డబ్బాలు తాళం వేసి పెట్టండి. ఆ గడ్డు ఘడియ దాటిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. 2022 అక్టోబరు 10న మొదలయిన టెలి మానస్ అనే ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు. మన ఫోను వెనకవైపు చీటీ మీద రాసి అంటించుకోదగిన నంబరు ఇది.

మన సంగతి

ఇంతవరకు రోగుల గురించి, పిల్లల గురించి చెప్పాను. మన మాటేమిటి? 2017-18లో దేశవ్యాప్తంగా వృద్ధుల మీద జరిగిన సర్వేలో, అరవై దాటిన వారిలో నూటికి ఎనిమిది మందికి పైగా డిప్రెషన్ లక్షణాలు ఉన్నట్టు తేలింది. ఇది వయసు సహజగుణం కాదు, జబ్బు. నయమవుతుంది.

1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం అయిదు ప్రశ్నల చిన్న కొలత ఒకటి అందించింది. పరిశోధకులు రోగులకూ, విద్యార్థులకూ, వృద్ధులకూ అందరికీ అదే వాడుతుంటారు. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. గత రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా? ప్రశాంతంగా, నెమ్మదిగా ఉందా? ఒంట్లో చురుకు ఉందా? తెల్లవారి లేచేసరికి హాయిగా ఉంటోందా? రోజులో మీకు ఆసక్తి కలిగించే పని ఏదైనా ఉంటోందా? ఒక్కొక్క దానికి, ఎప్పుడూ లేదంటే సున్నా, ఎల్లప్పుడూ ఉందంటే అయిదు. మొత్తం 25. మొత్తం 13 కన్నా తక్కువైతే డాక్టరును కలవటం మంచిది. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. థర్మామీటరు లాంటిది. జ్వరం ఉందో లేదో చెబుతుంది, ఏ జ్వరమో చెప్పదు.

ఇంకొక మాట. ముసలివారు మరచిపోతుంటే మతిమరుపు జబ్బేనని ఇంట్లోవారు తేల్చేస్తారు. డిప్రెషన్ వల్లా, థైరాయిడ్ తేడా వల్లా, బి 12 విటమిన్ లోపం వల్లా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. చూపించుకోకుండా తీర్మానించుకోకండి.

మన హక్కులు

పెన్షనర్ల సభలో నిబంధనల ప్రస్తావన లేకపోతే వెలితిగా ఉంటుంది. కొద్ది మాటల్లో చెబుతాను.

మొదటిది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమలులో ఉంది. మత్తు, కండరాల సడలింపు మందు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయటాన్ని అది నిషేధించింది. రోగి తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకోవచ్చు. శరీర వ్యాధులకు ఎలా బీమా ఇస్తారో మానసిక వ్యాధులకూ అలాగే ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేనేలేదు. కాబట్టి పోలీసు కేసు భయంతో చికిత్స ఆలస్యం చేయకండి.

రెండవది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాల్లో మానసిక వ్యాధి కూడా ఒకటి. మెడికల్ బోర్డు ధ్రువపత్రం ఇస్తుంది.

మూడవది మనకు అత్యంత ముఖ్యం. మానసిక వైకల్యం వల్ల తన బతుకు తాను సంపాదించుకోలేని కొడుకు లేదా కూతురు ఉంటే, తల్లిదండ్రుల తర్వాత వారికి వయోపరిమితి లేకుండా కుటుంబ పెన్షన్ ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది. దానికి షరతులున్నాయి, వైద్య ధ్రువపత్రం కావాలి. మనం బతికుండగానే ఆ బిడ్డ పేరు, వివరాలు పెన్షన్ కాగితాల్లోకి ఎక్కాలి. నామోషీ వల్ల కొందరు ఆ బిడ్డ పేరే కాగితాల మీద రాయరు. "నా తర్వాత వీడి గతేమిటి?" అని రాత్రిళ్ళు నిద్రపోనిదీ వారే. ఇంటి గుట్టు కాపాడుతున్నామనుకుని బిడ్డ అన్నం గిన్నెను మనమే బోర్లిస్తున్నాం. దయచేసి ఈ నెలలోనే మీ కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి. తెలియకపోతే మన సంఘం కార్యాలయంలో అడగండి.

చివరిగా ఒక విన్నపం

2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందటం లేదు. మన తెలుగు రాష్ట్రాలు ఆ పన్నెండింటిలో లేవు. అయినా మన ఇళ్ళు దీనికి భిన్నంగా ఉంటాయని అనుకోవటానికి కారణమేదీ లేదు.

బెంగుళూరు పరిశోధనలో నర్సు తలుపు తట్టింది. ప్రతి ఇంటికీ పంపటానికి మన దగ్గర అంతమంది శిక్షణ పొందిన నర్సులు లేరు. కానీ మన సంఘంలో కాళ్ళు చేతులు ఆడుతున్న, సాయంత్రం పూట తీరిక ఉన్న సభ్యులు చాలామంది ఉన్నారు. ఇంట్లో రోగి ఉండి గడప దాటలేని సభ్యుల ఇంటికి, వారు ఇష్టపడితే, వారానికి ఒక సాయంత్రం ఇద్దరిద్దరుగా వెళదాం. ఒకరు ఆ అబ్బాయితోనో అమ్మాయితోనో కూర్చోవాలి. చదరంగం ఆడవచ్చు, పేపరు చదవవచ్చు, ఊరికే ఉండవచ్చు. రెండవవారు తల్లిదండ్రులను ఒక గంట బయటికి పంపాలి. గుడికో, బజారుకో, కంటి డాక్టరు దగ్గరకో. సలహాలు ఇవ్వవద్దు. జాతకాలు, ఊళ్ళోవారి ఉదాహరణలు తీయవద్దు. మందులు మానేయమని ఏనాడూ అనవద్దు. విన్న సంగతి ఆ ఇంటి గడప దాటకూడదు. ఈ నాలుగు నియమాలూ పాటిస్తే చాలు. కావలసిన శిక్షణ రెండు పూటల్లో ఇవ్వటానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈ సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర ఒక పుస్తకం పెడుతున్నాం. పేరు ఇవ్వదలచినవారు అందులో రాయవచ్చు. తమ ఇంటికి రమ్మని అడగదలచినవారు రాయనక్కరలేదు, నాకు ఒక ఫోను చేస్తే చాలు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చెవి కూడా మంచిదైతే ఆ ఊళ్ళో రోగులకూ, పిల్లలకూ, మనకూ చోటుంటుంది.